తిన్నె ఎవరిది?

నిరుడు వేసవిలో మా పాత ఇల్లు పడగొట్టించాను. విడవలూరుకీ సముద్రానికీ నడుమ, బకింగ్‌హాం కాలవకు పడమటి గట్టున వున్న వూరు మాది. పడగొట్టటం గురించి ఇంట్లో ఎవరికీ పేచీ లేదు. గోడలకు చవుడెక్కి మోకాలెత్తు వరకూ పెళ్ళలు రాలిపోతున్నాయి, దూలాల్లో రెండు వంగిపోయినాయి. పేచీ అంతా కొత్త ఇంటిముందు ఏముండాలన్న దగ్గర వచ్చింది. నెల్లూరులో వుండే మా చిన్నాయన కొడుకు నిలువెత్తు ప్రహరీ, ఇనుప గేటు, గేటు లోపల నాలుగు కుర్చీలు పట్టే సిటవుటు వుండాలన్నాడు. “తిన్నె లేకుండా ఇల్లేందిరా, గోదాము గదా అది!” అన్నది మా అక్క. బేల్దారి మేస్త్రి మాత్రం తన కష్టం తాను చెప్పుకున్నాడు: “తిన్నె వుండేదీ లేందీ ఇప్పుడే చెప్పండి సార్. పునాది తీసినాక చెప్తే నా వల్ల గాదు.”

నేను అక్క పక్షానే వున్నాను. వున్నానని నాతోపాటు అదే బడిలో చదివి, అదే జిల్లాలో ఉపాధ్యాయుడుగా పనిచేసి, నాకంటే ఏడాది ముందు రిటైరయిన ఒక మిత్రుడితో చెప్పాను. ఆయన మా వూరి దళితవాడ మనిషి. కాసేపు ఊరుకుని, “మీ తిన్నె మీద నేను మొదటిసారి కూర్చున్నప్పుడు నాకు ముప్పై రెండేళ్ళు. అదీ తుఫాను పుణ్యమా అని” అన్నాడు.

ఆ తర్వాత మేస్త్రికి పదిహేను రోజులదాకా జవాబు చెప్పలేకపోయాను. ఆ పదిహేను రోజుల్లో చదివిందీ, గుర్తు చేసుకున్నదీ ఈ వ్యాసం. ఈమధ్య అరుగుల గురించి మనవాళ్ళు రాస్తున్న వ్యాసాల్లో కన్నీరు ఎక్కువ, చరిత్ర తక్కువ. పూర్వం వూరంతా అరుగు మీద కూర్చుని కష్టసుఖాలు పంచుకునేదనీ, సిమెంటు వచ్చి ఆ కలుపుగోలుతనాన్ని మింగేసిందనీ వాటి సారాంశం. “వూరంతా” అన్న మాట దగ్గరే ఆగవలసి వుంది.

ముందు పేరు. ఉత్తరాన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో అరుగు అంటారు. మా వైపు అరుగూ వినిపిస్తుంది, తిన్నె అన్న మాటా వినిపిస్తుంది. దక్షిణాన సూళ్ళూరుపేట దాటితే తమిళుల తిణ్ణై అదే. తెల్లవాళ్ళు దీన్ని “పయల్” అని రాశారు. అది ఇంగ్లీషు మాట కాదు, తెలుగూ తమిళమూ కాదు. దిమ్మెకు పోర్చుగీసువాళ్ళ మాట. పులికాటు మొదలు ఈ తీరమంతా వర్తకానికి తిరిగిన ఆ జాతి వదిలిపెట్టి పోయిన మాటల్లో ఒకటి. మనం ఇప్పుడు దర్జాగా వాడే వరండా కూడా పోర్చుగీసు రాతల్లో 1498 నాటికే, అంటే వాస్కోడగామా మొదటి యాత్ర వృత్తాంతంలోనే కనిపిస్తుంది. బెంగాలు పల్లెటూరి గుడిసె నుంచి బంగళా పుట్టి, చుట్టూ వరండా తగిలించుకుని, కలెక్టర్ల నివాసమై, చివరికి ఇంగ్లండుకీ అమెరికాకీ ఎగుమతి అయిన సంగతి కూడా ఇప్పుడు అందరికీ తెలిసిందే. ఆ బంగళా వరండాలో అర్జీ పట్టుకు నిలబడిన రైతుకు అది విశ్రాంతి స్థలం కాదన్న సంగతి మాత్రం వాస్తుశిల్పం పుస్తకాలలో తక్కువగా కనిపిస్తుంది.

తిన్నె సరదాకు పుట్టింది కాదు. మట్టి గోడకు వాన కంటే, చూరు నుంచి నేలమీద పడి ఎగిరే చిందు ఎక్కువ శత్రువు. గోడ మొదట్లో తడిసి జారితే పైకప్పు ఎంత గట్టిదైనా నిలవదు. గోడకు ఆనించి రెండు మూడడుగుల ఎత్తు మట్టిదిమ్మె వేస్తే చిందు దిమ్మెను కొడుతుంది, గోడ బతుకుతుంది. దిమ్మె దెబ్బతింటే ఎర్రమట్టీ పేడా కలిపి అలికితే సరిపోతుంది. మా తీరం పల్లం కనుక కాలవ పొంగినప్పుడు బియ్యపు బస్తాలు ఎక్కించుకోటానికీ ఆ ఎత్తు పనికి వచ్చేది. పైన తాటాకు కప్పు కిందికి వంగి, మనిషి తలవంచితే గాని లోపలికి పోలేనట్టు చూరు వుండేది. అది గాలికి జవాబు. గాలి చూరు కిందికి దూరి కప్పును పైకెత్తటమే తుఫానులో ఇళ్ళు పోవటానికి ముఖ్య కారణం. చేవదేరిన తాటి మాను ఉప్పుగాలికీ చెదపురుగుకూ తొందరగా లొంగదు. పులికాటు సరస్సు గుల్లను కాల్చిన సున్నం ఈ ప్రాంతపు గచ్చుకు ఆధారం. ఇవన్నీ చేతికందే సరుకులు. డబ్బున్నవాడి ఇంటికీ లేనివాడి ఇంటికీ తేడా సరుకులో కంటే కొలతల్లోనే వుండేది.

ఆ కొలతలే కథంతా చెబుతాయి. పెన్న మీద 1850లలో నెల్లూరు ఆనకట్ట, 1880లలో సంగం ఆనకట్ట వచ్చిన తరువాత డెల్టా వూళ్ళలో మొలగొలుకుల వరి డబ్బు తెచ్చింది. డబ్బుతో పెంకుటిళ్ళూ, మిద్దెలూ లేచినాయి. తిన్నెలు పెరిగినాయి. మా పాత ఇంటికి రెండు తిన్నెలుండేవి. తలుపుకు చెరోవైపు నడుము ఎత్తున కడపరాయి పరిచిన పెద్ద తిన్నె, దాని ముందు మోకాలి ఎత్తున గచ్చు చేసిన చిన్న తిన్నె. పెద్ద తిన్నె మీద మా తాత, ఆయన ఈడు రైతులు, కరణం, వచ్చిపోయే చుట్టాలు. చిన్న తిన్నె మీద కౌలుదార్లూ, చాకలి, మంగలి, చేతిపనివాళ్ళూ. వీధిలో నేలమీద పాలేర్లు, కూలీలు. ఎవరెక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పనక్కర్లేదు, రాయి చెబుతుంది. పద్దెనిమిది అంగుళాల తేడా చాలు, మాట్లాడేవాడు కిందికి చూస్తూ, వినేవాడు పైకి చూస్తూ వుండటానికి.

ఇంకొక సంగతి మనవాళ్ళు మరిచిపోతున్నారు. ఆ పెద్ద తిన్నె ఒక కచేరీ. కూలి అక్కడే నిర్ణయమయ్యేది. అప్పు పత్రం అక్కడే రాసేవాళ్ళు. గింజలు కొలిచేది దాని ముందే. కొలిచే కుంచం ఎవరిదో చెప్పనక్కర్లేదు గదా. మా వూరికి దగ్గర్లోనే వున్న అలగానిపాడులో 1913లో ఒక భూస్వామి ఇంట పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య 1930లలో తన వూళ్ళోనే వ్యవసాయ కూలీలను సంఘంగా కూడగట్టినప్పుడు ఆ వర్గానికి అంత కోపం ఎందుకు వచ్చిందో కూలి రేటు ఒక్కదాన్ని బట్టి అర్థం కాదు. తిన్నె మీద ఒక్కొక్కణ్ణి నిలబెట్టి తేల్చే బేరం తిన్నె దిగి వీధిలోకి వచ్చింది. ఒకడుగా వచ్చేవాడు పదిమందిగా వచ్చాడు. పైన కూర్చున్నవాడు లేచి నిలబడవలసి వచ్చింది.

తిన్నెలు లేని ఇళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. యానాదుల గుడిసె పొట్టిగా, వంగి దూరవలసినట్టు వుంటుంది. వండటం, తినటం, ఎలుకల బోనులు అల్లుకోటం, పిల్లల్ని పడుకోబెట్టటం అన్నీ బయటే. వెన్నెలకంటి రాఘవయ్యగారు జీవితమంతా వాళ్ళ మధ్య పనిచేసి 1962లో వాళ్ళ గురించి పుస్తకం ప్రచురించారు. ఆరుబయలే ఇల్లుగా బతికిన ఆ జనంలో కొందరిని పుట్టుకతో నేరస్థుల జాబితాలో చేర్చిన చట్టం 1952దాకా ఈ దేశంలో అమల్లో వుంది. శ్రీహరికోట దీవిలో తరతరాలుగా వున్న యానాదులను రాకెట్ కేంద్రం కోసం కదిలించారు. అక్కడినుంచి మొదటి రాకెట్ 1971 అక్టోబరు 9న లేచింది. సముద్రపుటొడ్డు పట్టపు పల్లెల్లో కూడా ఇంటిముందు జాగా అంటే పని స్థలమే. వలలు బాగుచేసేది, చేపలు ఎండబెట్టేది, ఆడవాళ్ళు సరుకు ఏరి బేరగాళ్ళకు పంచేది అక్కడే. కాలుమీద కాలేసుకుని కూర్చునే తిన్నె ఆ ఇళ్ళకు అక్కర్లేకపోయింది, తీరికా లేకపోయింది.

ఇక బడి. తిన్నె పక్షాన వాదించేవాళ్ళకు గట్టి సాక్ష్యం ఇదే. నాకూ మమకారం ఇక్కడే, ఎందుకంటే మా తాత నాయన కాలంలో మా పెద్ద తిన్నె మీద వీధిబడి నడిచిందని చెప్పేవారు. పంతులుకు జీతం గింజలూ, పండగకు పంచెల చాపూ. పిల్లలు తెల్లవారకముందే రావాలి. ఇసకలో వేలితో దిద్దటం, తర్వాత తాటాకు మీద గంటంతో రాయటం, ఎక్కాలూ పద్యాలూ గొంతెత్తి వల్లించటం. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఈ దేశీయ బడుల లెక్క తీయమని కలెక్టర్లందరినీ ఆదేశించాడు. బళ్ళారి కలెక్టరు, తెలుగు వ్యాకరణం రాసిన క్యాంబెల్ దొర, 1823లో పంపిన నివేదిక వాటిలో ప్రసిద్ధం. మొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారట. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చినవాళ్ళకు ఒక్కొక్కటి ఎక్కువ. మా తాత చెప్పినదీ అచ్చంగా ఇదే. ఆయన క్యాంబెల్ పేరు వినలేదు.

ఆ నివేదికలో మనకు ముఖ్యమైన వాక్యాలు వేరే వున్నాయి. జిల్లాలో 533 బడులున్నాయని చెప్పి, పూర్వం చదువున్న చోట్ల ఇప్పుడు లేకుండా పోతున్నదని ఆ కలెక్టరే ఒప్పుకున్నాడు. కారణం కూడా దాచలేదు. ఇంగ్లండు బట్ట వచ్చి ఇక్కడి నేతగాళ్ళ రాబడి పడిపోయింది, దేశంలోని డబ్బు బయటికి పోతున్నది, మధ్యతరగతివాళ్ళూ వాళ్ళకింది వాళ్ళూ పిల్లల చదువుకు ఇచ్చుకోలేకపోతున్నారు అన్నాడు. కంపెనీ నౌకరు 1823లోనే రాసిన ఈ మాటను మన పాఠ్యపుస్తకాలు ఇంతకాలం ఎందుకు పక్కన పెట్టాయో ఆలోచించవలసిందే. నెల్లూరు తీరం కూడా నేత తీరమే. ఇంగ్లీషువాళ్ళు 1626లో దుగరాజపట్నం దగ్గర, ఆర్మగాన్ అని వాళ్ళు పిలుచుకున్న చోట, కొట్టు పెట్టింది ఈ బట్ట కోసమే.

అయితే ఆ వాక్యాలు చదివి పొంగిపోయి, కంపెనీ రాకముందు దేశమంతా చదువుకున్నదే అనేవాళ్ళున్నారు. వాళ్ళు మన్రో 1826 మార్చిలో రాసిన మినిట్ పూర్తిగా చదవాలి. కోటీ 28 లక్షల పైచిలుకు జనానికి రాజధాని మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. అందులో ఆడపిల్లలు 4,540. నూటికి ఇద్దరు ముగ్గురు. ఆ కొద్దిమందిలోనూ ఎక్కువమంది గుళ్ళలో ఆడేవాళ్ళ పిల్లలు. తిన్నె మీద శూద్ర రైతు బిడ్డలు కూర్చున్నారు, నిజం. అది ఐరోపాలో చాలామంది అనుకున్నదానికంటే విశాలమైన చదువే. కాని ఆ దిమ్మె ఎక్కే అర్హత లేని కులాల పిల్లలు ఆ లెక్కల అంచులలో ఎక్కడో వున్నారు. తిన్నె ఒక ఇంటిది. ఇంటివాడు ఎవరిని ఎక్కనిస్తాడో వాళ్ళకే బడి. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో బాప్టిస్టు మిషన్ పెట్టిన తరువాత, ఆ మిషన్‌వాళ్ళు మాలమాదిగ వాడల్లో తెరిచిన బడులకు పిల్లలు ఎందుకు వెళ్ళారన్నదానికి మతం ఒక్కటే జవాబు కాదు. కూర్చోటానికి చోటు కూడా జవాబే.

ఇక్కడ ఒక పక్కదారి. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ అనే పాద్రి, దగ్గరి వీధిబడిలో పిల్లలు ఇసకలో రాయటం చూశాడు. పెద్ద పిల్లలచేత చిన్న పిల్లలకు చెప్పించే పద్ధతితో దాన్ని కలిపి 1797లో లండన్‌లో పుస్తకం అచ్చువేశాడు. పలకా కాగితం ఖర్చులేదు, ఉపాధ్యాయుల జీతం ఖర్చు తక్కువ. కార్ఖానా కూలీల పిల్లలకు చౌకగా చదువు చెప్పటానికి ఇంగ్లండు దీన్ని ఎగబడి పట్టుకుంది; “మద్రాసు పద్ధతి” అన్నారు. మన తిన్నె మీది ఇసక ఇంగ్లండు పేదపిల్లల బల్లమీదికి పోయింది. తరవాత కొన్ని దశాబ్దాలకు అదే ఇంగ్లండు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్లు మన వీధిబడులకు బల్లలు లేవు, పటాలు లేవు, ఇసకలో రాయిస్తున్నారు అని మార్కులు తగ్గించారు. 1854 వుడ్ తాఖీదు తరువాత, 1860ల నుంచి ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి వచ్చింది. పరీక్షలో నెగ్గిన తలకు ఇంత అని లెక్క. గోవర్ అనే ఆయన మద్రాసు తిన్నెబడుల మీద రాసిన వ్యాసం 1873లో అచ్చయ్యేనాటికే అవి సర్కారు అచ్చులోకి ఒదగటమో మూతపడటమో చేయవలసిన స్థితి. మా తిన్నె మీది బడి ఎప్పుడు ఆగిందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. పంతులు ఎండ పొడ తెలుసుకోటానికి స్తంభానికి కొట్టిన రెండు మేకులు మాత్రం నిరుడు పడగొట్టేదాకా వున్నాయి.

బడి పోయినా అక్షరం తిన్నెను వదలలేదు. పత్రికలు వచ్చాయి. ఒకడు చదవటం, పదిమంది వినటం మన పల్లెల్లో చాలాకాలం సాగిన రివాజు. వెంకటగిరి జమీందారీ రైతుల ఆందోళన నుంచి 1928లో పుట్టిన నెల్లూరు ‘జమీన్ రైతు’ వారపత్రిక మా చిన్న తిన్నె మీద చదివేవాళ్ళని మా నాయన చెప్పేవాడు. పెద్ద తిన్నె మీద ‘ఆంధ్రపత్రిక’ మడత విప్పేవాళ్ళు. రెండు తిన్నెలు, రెండు పత్రికలు. ఇది మరీ అమర్చినట్టుంది, నేను నాయన మాట నమ్మి రాస్తున్నాను. ఏమైనా వీధిలో నిలబడ్డవాళ్ళకు రెండూ వినిపించేవి. తిన్నె గొప్పతనం ఏదైనా వుంటే అది బహుశా ఇదే. దానికి గోడ లేదు. పైన కూర్చున్నవాడు కిందవాణ్ణి ఎక్కనివ్వకుండా ఆపగలడు గాని వినకుండా ఆపలేడు.

ఇంతవరకూ మా అమ్మ ఈ వ్యాసంలోకి రాలేదు. రాకపోవటమే సరి, ఎందుకంటే ఆమె ముందు తిన్నె మీద పగటిపూట కూర్చోగా నేను చూడలేదు. తెల్లవారుజామున అలికేది ఆమె, ముగ్గువేసేది ఆమె. ఎండెక్కేసరికి అది మగవాళ్ళది. ఆమె తిన్నె పెరటి వసారా. రోలూ, తిరగలీ, చేటలూ, గంగాళమూ వున్న చోటు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పెరటి దారినే వచ్చి పెరటి దారినే పోయేవాళ్ళు. ఇంటిముందు ఖాళీని విశ్రాంతి స్థలమనీ, ఇంటివెనక ఖాళీని పనిచేసుకునే చోటనీ అనుకుంటాం. విశ్రాంతి మగవాడిది కాబట్టి ముందున్నది విశ్రాంతి స్థలం, అంతే.

ఇది మా జిల్లాలోనే ఒకసారి తలకిందులయింది. 1990 తరువాత నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు రాత్రి తరగతులు వీధి దీపం కిందా, గుడి ముందూ, ఎవరి పంచలో చోటు దొరికితే ఆ పంచలోనూ జరిగాయి. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది కూలిపని చేసుకునే ఆడవాళ్ళు. నేను ఆ రోజుల్లో ఒక వాడలో వాలంటీర్లకు శిక్షణ ఇచ్చాను. తాగుబోతు భర్త వల్ల నాశనమైన సీతమ్మ అనే ఆవిడ కథ వాచకంలో పాఠం. పాఠం చదివించటం పది నిమిషాలు, దాని మీద వాళ్ళు మాట్లాడుకోటం రెండు గంటలు. దూబగుంట ఆడవాళ్ళు తమ వూరి సారాకొట్టు మూయించారు. ఆ సంగతి తరవాతి వాచకంలో పాఠమయింది, ఆ పాఠం చదివి ఇతర వూళ్ళ ఆడవాళ్ళు లేచారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ నెలల్లో మా వూళ్ళోనే మగవాళ్ళ రచ్చబండ మీద ఆడవాళ్ళు కూర్చుని కొట్టు పాటదారుణ్ణి నిలబెట్టి అడగటం నేను చూశాను. ఆ దృశ్యం చూసినవాడెవడూ తిన్నె వట్టి మట్టిదిమ్మె అనలేడు. ఆ కూర్చోవటం ఎక్కువకాలం నిలవలేదన్నది కూడా నిజమే.

తుఫాను సంగతి చెప్పాలి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను అది. అంతకు అయిదేళ్ళ ముందు, 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర దాటినదాని భయం ఇంకా జనంలో వుంది. గాలి ముదిరేసరికి వాడ గుడిసెల కప్పులు లేచిపోయాయి. ఆ రాత్రి మా నాయన తలుపు తెరిచాడు. నలభైమందికి పైగా లోపలికి వచ్చారు. లోపల చాలక మగవాళ్ళు కొందరు తిన్నె మీద, గోడకు ఆనుకుని, తెల్లవార్లూ తడుస్తూ కూర్చున్నారు. నా మిత్రుడు అందులో వున్నాడు. గాలి తగ్గింది, జనం వెళ్ళిపోయారు. మూడోనాడు తొంభై ఏళ్ళకు దగ్గరపడిన మా అవ్వ పేడనీళ్ళతో తిన్నె కడిగించింది. వాన బురద కడిగిస్తున్నదని నేను చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ రోజు బుర్ర తీయటానికి వచ్చిన మిత్రుడు వీధిలో నిలబడి అది చూశాడని నిరుడు గాని నాకు తెలియలేదు. ముప్పై ఏళ్ళకు పైగా ఆయన ఆ మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ఆ తరువాత ఇళ్ళు మారిపోయాయి. పేదలకు పక్కా ఇళ్ళు 1980ల నుంచి పెద్దయెత్తున వచ్చాయి. తుఫానుకు కొట్టుకుపోని కప్పు పేదవాడి హక్కు. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాడు ఒక్క రాత్రి ఆ గాలిలో గుడిసెలో పడుకోవాలి. అయితే ఆ నమూనా వేసినవాళ్ళు బయటి జాగాను ఇంట్లో భాగంగా లెక్కపెట్టలేదు. ఒక గది, ఒక వంటమూల, గుమ్మం, ఆ వెంటనే వీధి. కాలనీలో మొదటి ఏడాది తిరక్కుండానే ప్రతి గుమ్మం ముందూ తాటాకు పందిరో, రేకో లేచింది. వాడుకునేవాళ్ళే నమూనాను దిద్దారన్నమాట. 2004 డిసెంబరు 26 ఉప్పెన తరువాత పట్టపు పల్లెలకు వరసగా కట్టిచ్చిన ఇళ్ళలోనూ ఇదే కథ. నీడనిచ్చే చెట్లు చదును చేసి, కొలత తప్పకుండా ఇళ్ళు పేర్చారు. తమిళనాడు తీరంలోనూ ఇలాగే జరిగిందని పరిశీలకులు రాశారు. పైగా మా తీరంలో ఉప్పునీళ్ళతోనూ, ఒడ్డు ఇసకతోనూ కలిపిన కాంక్రీటులో కమ్మి తుప్పుపట్టి ఉబ్బుతుంది, స్లాబు పెచ్చులూడుతుంది.

డబ్బున్న ఇళ్ళది మరొక దారి. 1990ల నుంచి రొయ్యల గుంటల డబ్బు వచ్చింది. ప్రహరీలు లేచాయి. తిన్నె మీద కూర్చుని కూలి తేల్చే భూస్వామి పోయాడు, మంచిదే. కాని అతని స్థానంలో గేటు వెనక వున్న గుంట యజమానిని పనివాడు ఫోనులో గాని చూడడు. ఎక్కనివ్వని తిన్నె పోయింది, అసలు కనపడని ఇల్లు వచ్చింది. కిందనుంచి వినటానికి కూడా ఏమీ మిగల్లేదు.

పదిహేనోరోజున మేస్త్రికి జవాబు చెప్పాను. తిన్నె వుంటుంది, ఒక్కటే వుంటుంది, రెండు వద్దు. ప్రహరీ వద్దు. ఎత్తు పద్దెనిమిది అంగుళాలు. అంటే వీధిలో నిలబడ్డవాడు మెట్టెక్కకుండా, అడక్కుండా కూర్చోగల ఎత్తు. “ఇంత పొట్టిగానా? వీధి కుక్కలు ఎక్కుతాయి సార్” అన్నాడు మేస్త్రి. ఎక్కనీ అన్నాను. (ఎక్కుతున్నాయి. మా అక్క రోజూ నన్ను తిడుతున్నది.) వెడల్పు రెండున్నర అడుగులు, మనిషి పడుకోటానికి చాలేటట్టు. వాలు వీధివైపు అడుక్కు పావు అంగుళం, నీళ్ళు నిలవకుండా. అంచు వీధి కాలవకు రెండడుగులు ఇవతలే ఆగాలి. పంచాయతీ జాగా మీదికి పోతే అది మళ్ళీ మా తాత పనే. వంటింటి వైపున్న వసారాను పెరట్లో నుంచి తెచ్చి ఇంటి పక్కగా, వీధి కనిపించేటట్టు పెట్టించాను.

కప్పు దగ్గర మేస్త్రికీ నాకూ పెద్ద వాదం జరిగింది. ఇంటి స్లాబునే ఆరడుగులు ముందుకు సాచితే సరిపోతుందన్నాడు ఆయన. నేను ఒప్పుకోలేదు. తుఫాను ప్రాంతపు ఇళ్ళకు ఇంజనీర్లు చెప్పే సలహాల్లో ఒకటి, వసారా కప్పు ఇంటి కప్పులో భాగం కాకుండా వేరే నిలబడాలని. గాలి దాని కిందికి దూరి ఎత్తేస్తే అదొక్కటే పోవాలి, ఇంటి కప్పును లాక్కుపోకూడదు. అంచేత పడగొట్టిన ఇంటి తాటి దూలాల్లో చేవ చెడనివి ఏరి, నాలుగు స్తంభాలు చేయించి, వాటిమీద విడిగా పెంకు కప్పించాను. స్తంభాలను నేలలో పాతకుండా రాతి దిమ్మెల మీద నిలిపి పట్టీలతో బిగించాము. పట్టీలు గాల్వనైజు చేసినవి కొన్నాం. మామూలు ఇనుము ఈ గాలికి రెండేళ్ళు ఆగదు. పాత కడపరాళ్ళు పన్నెండు పనికి వచ్చాయి. పెద్ద తిన్నె మీదివి అవి. ఇప్పుడు మోకాలికి దిగువన వున్నాయి.

గృహప్రవేశానికి మిత్రుడు వచ్చాడు. లోపలికి రమ్మంటే, కాసేపు ఇక్కడ వుంటానని తిన్నె మీదే కూర్చున్నాడు. అరచేత్తో రాయి తడిమి చూసి, “ఇవి పాతవే గదా?” అన్నాడు. అవునన్నాను. చుట్టూ చూసి, ఉత్తరపు మూల గచ్చు సరిగా కుదరలేదనీ, వానాకాలం లోపల మళ్ళీ చేయించమనీ చెప్పాడు. మేస్త్రి వచ్చే వారం వస్తానన్నాడు.